బొంతని గోడకెక్కించిన ఎలెక్ట్రా

పాత చీరలు కలిపి అమ్మమ్మ కుట్టిన బొంతని మనం ఎక్కడ పెడతాం? పరుపుల అడుగునో, అటక మీదో. దాన్ని గోడకి వేలాడదీసి పదిమందినీ పిలిచి చూపించాలన్న ఆలోచన మనకి రాదు. అమెరికాలో ఒకావిడకి వచ్చింది. ఆవిడ పేరు ఎలెక్ట్రా హేవ్‌మేయర్ వెబ్.

1888లో పుట్టిన ఎలెక్ట్రాకి డబ్బుకి లోటు లేదు. తండ్రి హెన్రీ చక్కెర వ్యాపారంలో కోట్లు గడించినవాడు. తల్లి లూయిసిన్‌కి చిత్రకళంటే ప్రాణం. దెగా, మోనే, మానే వంటి ఫ్రెంచి చిత్రకారుల బొమ్మలతో న్యూయార్క్ ఇంటిని నింపేసింది. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడి 1919లో జైలుకి కూడా వెళ్ళొచ్చిన ధైర్యశాలి ఆవిడ.

అలాంటి ఇంటికి, ఇరవై ఏళ్ళన్నా నిండకుండానే, ఎలెక్ట్రా ఓ కొయ్యబొమ్మ కొని తెచ్చింది. చుట్టల కొట్టు ముందు గిరాకీ కోసం నిలబెట్టే ఆదివాసి బొమ్మ అది. ఖరీదు 15 డాలర్లు. తల్లి బిత్తరపోయింది. గొప్ప గొప్ప చిత్రాల మధ్య పెరిగిన పిల్లకి ఈ వీధి సరుకు మీద మోజేమిటని ఆవిడ బాధ. కూతురు మాత్రం తన ఇష్టాన్ని వదులుకోలేదు.

1910లో జేమ్స్ వాట్సన్ వెబ్‌తో పెళ్ళయింది. ఐదుగురు పిల్లలు పుట్టారు. సంసారంతోపాటు సేకరణా పెరిగింది. బాతుల్ని ఆకర్షించడానికి వేటగాళ్ళు చెక్కిన కొయ్యబాతులు, గాలివాటం చూపే రేకు కోడిపుంజులు, దుకాణాల బోర్డులు, పిల్లల బొమ్మలు, ముక్కలు అతికి కుట్టిన బొంతలు... ఇవన్నీ చేసినవాళ్ళు వడ్రంగులు, కమ్మరులు, ఇల్లాళ్ళు. ఏ కళాశాల గడపా తొక్కనివాళ్ళు. చాలామంది పేర్లయినా ఎవరికీ తెలియవు.

1929లో లూయిసిన్ కన్నుమూసింది. ఆవిడ వీలునామాలో రాసినవాటికి పిల్లలు తమ వాటా నుంచి మరెన్నో కలిపి, దాదాపు 2,000 కళాఖండాలు మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశారు. నచ్చినవి దాచుకోవడమే కాదు, నలుగురికీ పంచడం కూడా ఆ ఇంటి అలవాటే.

మరి ఎలెక్ట్రా వస్తువుల సంగతి? అత్తవారింట పాత గుర్రపు బగ్గీలు చాలా ఉండేవి. వాటికో చోటు చూడాల్సొచ్చింది. అదే సందుగా 1947లో వెర్మాంట్ రాష్ట్రంలోని షెల్బర్న్‌లో ఆవిడ మ్యూజియం స్థాపించింది. 1952లో జనం కోసం తలుపులు తెరిచింది. ఒక్క భవనం కట్టి ఊరుకోలేదు. పాత బడి, జైలు, కప్పున్న వంతెన, దీపస్తంభం ఊడదీయించి తెప్పించి అక్కడ మళ్ళీ నిలబెట్టించింది. 1906 నాటి టికొండరోగా అనే 220 అడుగుల ఆవిరి ఓడనయితే 1955లో తాత్కాలికంగా రైలు పట్టాలు వేయించి, నేల మీద రెండు మైళ్ళు లాగించింది!

ఓడ సంగతి అందరూ చెప్పుకుంటారు. కానీ మనం గుర్తుపెట్టుకోవాల్సింది బొంతల సంగతి. అంతవరకూ బొంత అంటే చలికి కప్పుకునే గుడ్డే. షెల్బర్న్‌లో దాన్ని చిత్రపటంలా గోడకి వేలాడదీశారు. రంగుల పొందిక, కుట్టులో ఓపిక కనిపించేలా పెట్టారు. బొంతల్ని కళగా ప్రదర్శించిన తొలి మ్యూజియాల్లో అదొకటి. వంట, పిల్లల పని ముగించుకుని దీపం దగ్గర కూచుని కుట్టిన ఆడవాళ్ళ పనిని కళ అని ఒప్పుకోవడం చిన్న విషయమా?

1960 మార్చిలో భర్త పోయారు. అదే ఏడాది నవంబరులో ఎలెక్ట్రా కూడా కన్నుమూసింది. తర్వాత పిల్లలు ఆవిడ జ్ఞాపకార్థం అక్కడే ఓ భవనం కట్టించి, ఆవిడ దగ్గరున్న మోనే, దెగా చిత్రాలని అందులో ఉంచారు.

1895లో మేరీ కసాట్ అనే చిత్రకారిణి లూయిసిన్‌నీ, చిన్నారి ఎలెక్ట్రానీ కలిపి రంగుల్లో గీసింది. ఆ బొమ్మ కూడా ఇప్పుడు షెల్బర్న్ మ్యూజియందే. అలా తల్లి మెచ్చిన చిత్రాలూ, కూతురు మెచ్చిన బొంతలూ ఒకే ఆవరణలోకి చేరాయి. ఏది ఎక్కువో, ఏది తక్కువో చూసినవాళ్ళే చెప్పుకోవాలి.