అస్సీసి ఫ్రాన్సిస్

ధ్యానమునకు: మత్తయి 10:7–10



ఇటలీ దేశపు నడిమి భాగమున, ఉంబ్రియా అను సీమలో, సుబాసియో అను కొండ యున్నది. ఆ కొండవాలున అస్సీసి అను చిన్న పట్టణము కట్టబడియున్నది. దిగువ మైదానమునుండి చూచువారికి లేత గులాబివన్నె రాతి యిండ్లు మెట్లు మెట్లుగా పైకి కనబడును. ఇరుకు సందులగుండ ఎక్కి నడివీధికి చేరినచో, పూర్వము రోమీయులు మినర్వా దేవతకు కట్టిన గుడియొక్క ఆరు స్తంభములు నేటికిని నిలిచియున్నవి. లోపలి భాగము ఇప్పుడు క్రైస్తవ దేవాలయము. ఈ పట్టణమునకు ఏటేట లక్షలాది జనులు వచ్చుచున్నారు. వారిలో అనేకులు, ఎనిమిదివందల యేండ్ల క్రిందట ఇక్కడ ధనవంతుని కుమారుడుగా పుట్టి, ఏమియు లేనివాడై చనిపోయిన ఒక మనుష్యుని బట్టి వచ్చుచున్నారు.

ఫ్రాన్సిస్ 1181లోనో 1182లోనో జన్మించెను. తండ్రియైన పియెత్రో బెర్నార్దోనె బట్టల వర్తకుడు. కుమారుడు తండ్రి అంగడిలో పనిచేయుచు, స్నేహితులతో విందులు చేసికొనుచు ధనమును నీళ్లవలె వెచ్చించెను. గొప్ప యోధుడని పేరు పొందవలెనని అతని కోరిక. 1202లో అస్సీసివారికిని పొరుగు పట్టణమైన పెరూజావారికిని జరిగిన యుద్ధములో అతడు పట్టుబడి, ఇంచుమించు ఒక సంవత్సరము చెరలో నుండెను. విడుదలయైన పిమ్మట జబ్బుపడెను. మంచము దిగినప్పుడు మునుపటి వేడుకలు అతనికి రుచింపలేదు.

అతనికి కుష్ఠరోగులనిన మిక్కిలి అసహ్యము. ఒకనాడు గుఱ్ఱముమీద పోవుచుండగా ఒక కుష్ఠరోగి ఎదురాయెను. ఫ్రాన్సిస్ గుఱ్ఱము దిగి, అతని చేతిలో డబ్బు పెట్టి, అతని ముద్దుపెట్టుకొనెనని చెప్పుదురు. తరువాత అట్టివారి మధ్యనే యుండి వారికి పరిచర్య చేసెను. తన కడవరి దినములలో వ్రాయించిన మరణశాసనములో, తన మారుమనస్సు వారియొద్దనే ఆరంభమాయెనని సాక్ష్యమిచ్చెను. ఆ కాలమున ఆ వ్యాధికి మందు లేదు. ఇప్పుడు మందులచేత అది పూర్తిగా నయమగును. అయినను నయమైనవానిని ప్రక్కను కూర్చుండబెట్టుకొనుటకు మనలో ఎందరము వెనుదీయుచున్నాము?

పట్టణపు గోడల వెలుపల సాన్ దమియానో అను పాడుపడిన చిన్న గుడి యుండెను. అక్కడ ప్రార్థించుచుండగా, తన మందిరమును బాగుచేయుమని ప్రభువు తనకు ఆజ్ఞాపించినట్లు ఫ్రాన్సిస్ గ్రహించెను. వెంటనే తండ్రి అంగడిలోని బట్టలను తీసికొనిపోయి, ఫోలిన్యో అను ఊరిలో వాటిని, గుఱ్ఱమును అమ్మి, ఆ ధనమును గుడికి తెచ్చెను. అక్కడి గురువు దానిని ముట్టలేదు. తండ్రి కోపించి అతనిని బిషప్పు ఎదుటికి తెచ్చెను. ఫ్రాన్సిస్ ధనమును తిరిగి ఇచ్చివేసి, తన ఒంటిమీది బట్టలను సహా విప్పి తండ్రి ముందర పెట్టి, ఇకమీదట పరలోకపు తండ్రియే తన తండ్రి యని ఒప్పుకొనెను. బిషప్పు తన పైవస్త్రముతో అతని కప్పెను. ఇది 1206లో జరిగెను.

ఈ సంగతిని చదువునప్పుడు నేను ఆ తండ్రిని గూర్చియు తలంచుదును. కొడుకు విడిచిన బట్టలు చేత పట్టుకొని ఆయన ఇంటికి పోయెను. ప్రభువు పిలిచినప్పుడు తండ్రిని విడువవలసి రావచ్చును. అయితే తండ్రి సొత్తును చెప్పక అమ్ముట తప్పే. దేవుని మందిరమునకైనను అన్యాయపు సొమ్ము తగదు. ఫ్రాన్సిస్ ఆ సొమ్మును తిరిగి ఇచ్చిన తరువాతనే అతని పరిచర్య నిజముగా మొదలాయెను.

అతడు రాళ్లు అడుగుకొని, మోసి, తన చేతులతో ఆ గుడిని బాగుచేసెను. మైదానములోని పోర్జియుంకులా అను చిన్న గుడినికూడ బాగుచేసెను. కొంతకాలమునకు అతడు ఒక ఆరాధనలో, ప్రభువు శిష్యులను బంగారమైనను, సంచియైనను, చెప్పులైనను లేక పంపిన వాక్యభాగమును వినెను. తన మట్టుకు ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా గైకొనెను. కొందరు అతనితో చేరిరి. 1209లో వారు రోమునకు పోగా, పోపు మూడవ ఇన్నొసెంటు వారి జీవనవిధానమునకు సమ్మతించెను. 1219లో క్రూసేడు యుద్ధము జరుగుచుండగా, ఫ్రాన్సిస్ ఐగుప్తునకు పోయి, ఆయుధము లేక సుల్తాను అల్‌కామిల్‌ను దర్శించి, క్షేమముగా తిరిగివచ్చెను.

కడపట అతని కన్నులు చెడిపోయెను. వైద్యులు కాల్చిన యినుముతో వాతలు పెట్టినను మేలు కలుగలేదు. చూపు తగ్గిన ఆ దినములలోనే, సూర్యచంద్రులను బట్టియు, నీటిని, నిప్పును బట్టియు దేవుని స్తుతించు పాటను పండితుల లాటినులో గాక తన సీమ ప్రజల భాషలో రచించెను. 1226 అక్టోబరు 3వ తేది సాయంకాలమున పోర్జియుంకులా యొద్ద, కటికనేలమీద పరుండి ప్రాణము విడిచెను.

రెండేండ్లకే అతని పేర అస్సీసిలో గొప్ప దేవాలయము కట్టుటకు మొదలుపెట్టిరి. 1997 సెప్టెంబరు 26న భూకంపమువలన దాని పైకప్పు కొంత కూలి, నలుగురు మరణించిరి. రెండేండ్లలో దానిని మరల బాగుచేసిరి.

మనము పరిశుద్ధులకు ప్రార్థన చేయువారము కాము. క్రీస్తు ఒక్కడే మన మధ్యవర్తి. అయినను ఈ మనుష్యుని విధేయతనుండి నేర్చుకొనక పోరాదు. గుడి కప్పు కురియుచున్నదని మనము చందాలు వ్రాయుదుము, అది మంచిదే. అయితే ఫ్రాన్సిస్ రాతిగోడకంటె ముందు కుష్ఠరోగి యొద్దకు పోయెను. ఈ నెలలో మన సంఘములో ఎవరి యింటికి ఎవరును పోవుటలేదో విచారించి, ఆ గుమ్మము ఎక్కుదము. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.