డోర్నకల్ అజరయ్య గారు

మా అమ్మమ్మ అన్నం వండే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. రోజూ ఇంతే. డబ్బా నిండాక అది చర్చికి వెళ్తుంది. వాళ్ళది డోర్నకల్ దగ్గర ఒక పల్లె.

నేను ఇబ్రహీంపట్నం వచ్చి ఇంజనీరింగ్‌లో చేరాక ఈ డబ్బా సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫస్ట్ ఇయర్‌లో ఒకరు ముందు ఇంటిపేరు అడిగారు, తర్వాత ఊరు, తర్వాత మెల్లగా అసలు సంగతి. మీకూ తెలుసు కదా ఆ వరస. నేను వరంగల్ సైడ్ అని చెప్పి టాపిక్ మార్చేశాను. అలా తల వంచుకుని ఊరుకోవడాన్నే వినయం అనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ డోర్నకల్ కేథడ్రల్‌కి తీసుకెళ్ళి, దీన్ని కట్టించింది అజరయ్య గారు అని చెప్పింది. హాస్టల్‌కి తిరిగొచ్చాక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. నాన్న ఊరి చర్చి ఫాదర్. వాళ్ళది నాడార్ కులం. అప్పట్లో ఆ కులం వాళ్ళని గుళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు. అజరయ్య మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు కానీ చివరి పరీక్షల ముందు జబ్బు పడటంతో డిగ్రీ చేతికి రాలేదు. (బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్ళు గమనించగలరు. 1920లో కేంబ్రిడ్జ్ వాళ్ళే పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చారు.) 1895 నుంచి వై.ఎం.సి.ఏ.లో సెక్రటరీగా పనిచేస్తూ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన మొదటితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

మన దేశంలో సువార్త పని మనవాళ్ళే, మన డబ్బుతోనే చేయాలన్నది ఆయన పట్టుదల. 1903లో తిరునల్వేలి వాళ్ళతో ఒక మిషనరీ సంఘం పెట్టించారు. అది పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. వేరేవాళ్ళని పంపి తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకి సరిపడలేదు. 1909లో పెద్ద ఉద్యోగం వదిలేసి తానే వచ్చేశారు. వయసు ముప్పై ఐదు, ఉన్నది డేరాలో, తెలుగు రాదు.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. నేను పుట్టిందే తెలుగు ఇంట్లో, అయినా ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఈ వ్యాసం రాయడానికి ఒత్తులు వెతుక్కుంటున్నాను. తప్పు పలికితే నవ్వుతారని క్లబ్ మీటింగ్‌లో నోరు తెరవను. ఆయన అప్పటికే పెద్ద పెద్ద సభల్లో ఇంగ్లీషులో ప్రసంగాలు చేసిన మనిషి. అలాంటాయన అక్షరం ముక్క రాని మాలమాదిగ పల్లెల్లో కూర్చుని, వాళ్ళ భాష నేర్చుకుని, అందులోనే ప్రసంగించే దాకా వెళ్ళారు. వాళ్ళ ముందు తడబడటానికి ఆయనకి నామోషీ అనిపించలేదన్నమాట.

మరి పైవాళ్ళ ముందు? 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. పన్నెండు వందల మంది దాకా వచ్చారు, ఆసియా వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అక్కడ అజరయ్య లేచి, తెల్ల మిషనరీలు చేసిన త్యాగాలు ఒప్పుకుంటూనే, మీరు మమ్మల్ని జీతగాళ్ళలా చూస్తున్నారు తప్ప ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవట్లేదని చెప్పారు. ఆయన అడిగింది స్నేహం. సభలో కొందరికి అది మింగుడు పడలేదు. కింద ఉన్నవాళ్ళ పక్కన కూర్చున్నదీ, పైనున్నవాళ్ళని పక్కన కూర్చోమన్నదీ ఒకే మనిషి. నా లెక్కలో ఈ రెండూ ఒకటే గుణం. నేను ఫస్ట్ ఇయర్‌లో చేసినది మాత్రం వినయం కాదు, భయం.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. తెల్లవాళ్ళ మీద ఒక భారతీయుడు అధికారం చేయడమేంటని గొణిగినవాళ్ళు చాలామందే. మొదట ఇచ్చిన మండలం చిన్నది. 1920లో అది కృష్ణా ప్రాంతం దాకా పెరిగింది, తర్వాత సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

బిషప్ అయ్యాక కూడా ఎద్దుల బండి మీద ఊరూరూ తిరిగేవారు. మాలలూ మాదిగలూ ఒకే చర్చిలో కూర్చోవాలి, ఒకే గిన్నెలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకోవాలి అనేవారు. తాగుడు, అప్పులు, మురికి మీద గట్టిగా ఉండేవారు. కొంచెం ఎక్కువ గట్టిగానే ఉండేవారనిపిస్తుంది. పాస్టర్లు కావడానికి చదువుకునేవాళ్ళ భార్యలకి కూడా చదువు చెప్పించారు, అందులో అన్బు గారి పాత్ర పెద్దది.

నాకు బాగా నచ్చింది మాత్రం కోత పండుగ. కర్ణాటక రాగాల్లో తెలుగు కీర్తనలు పాడుకుంటూ జనం ధాన్యం, కూరగాయలు, గుడ్లు, కోళ్ళు తెచ్చి కానుకగా పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళు పిడికెడు బియ్యం పక్కన పెట్టడం కూడా డోర్నకల్‌లో అప్పటినుంచీ ఉన్న అలవాటే. తరతరాలుగా ఊళ్ళో చేయి చాచడమే తెలిసిన ఇంట్లో ఇప్పుడు ఇవ్వడానికి ఒక డబ్బా ఉంది. మా అమ్మమ్మ బియ్యం వేసేటప్పుడు ఆ మొహంలో ఉండే వెలుగు ఏంటో నాకు అప్పుడు అర్థమైంది. బీదదాన్ని, పాపం, అన్న భావం అందులో వెతికినా కనపడదు.

ఆయనతో అందరూ ఏకీభవించలేదు. 1930లలో దళితులు గుంపులుగా క్రైస్తవంలోకి రావడాన్ని గాంధీ గారు విమర్శించారు, అజరయ్య గారు ఒప్పుకోలేదు. అదే మనిషి, క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా అన్నారు. మతమార్పిడి గురించి మన హాస్టల్‌లో అర్ధరాత్రి దాకా వాదించుకోవచ్చు. కానీ ఆ వాదనలో మా అమ్మమ్మలాంటి వాళ్ళు ఏమనుకున్నారో ఎవరూ అడగరు.

కేథడ్రల్ కట్టడానికి ఏళ్ళకేళ్ళు పట్టింది, డబ్బుల్లేక. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. బయట నుంచి చూస్తే గుమ్మటాలతో మసీదులా, లోపల స్తంభాలు గుడి మండపంలా ఉంటాయి. ఆరేళ్ళ తర్వాత, 1945 జనవరి 1న, ఆయన కన్నుమూశారు. వేరువేరు సంఘాలు ఒకటి కావాలని 1919 నుంచి ఆయన పాటుపడ్డారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947లో, ఆయన చూడలేకపోయారు.

ఈ వ్యాసం మొదటి డ్రాఫ్ట్ మొన్న రాత్రి అమ్మమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. ప్రతిష్ఠ అనే మాట నేను పలికిన తీరుకి పడీపడీ నవ్వి, మూడుసార్లు పలికించింది. పక్క మంచం మీద రూమ్మేట్లిద్దరూ వింటున్నారు. ఎప్పుడూ వరండాలోకి వెళ్ళి మాట్లాడేవాణ్ణి, ఈసారి అక్కడే కూర్చుని మూడుసార్లూ పలికాను.