రైల్వే పద్దును వేరుచేసిన ఆక్వర్తు

విలియం మిచెల్ ఆక్వర్తు 1850లో ఇంగ్లండు దేశమున జన్మించెను. న్యాయశాస్త్రము చదివినను రైల్వేల అర్థశాస్త్రమే ఆయనకు జీవితవ్యాసంగమయ్యెను. మోసిన బరువును, నడచిన దూరమును కలిపి లెక్కగట్టి రైల్వేలు ప్రజలకు చూపవలెనని ఆయన చిరకాలము వాదించెను. ప్రభుత్వమే రైళ్లను నడుపుటపై ఆయనకు నమ్మకము తక్కువ.

1920లో భారత రైల్వేల విచారణ సంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారును అందు సభ్యులు. నాడు రైల్వేలకు వలయు ధనము సాధారణ బడ్జెటునుండియే రావలెను. ఖజానాకు ఇబ్బంది కలిగిన యేట కోరిన మొత్తము తగ్గిపోవుచుండెను; మార్చి 31 నాటికి ఖర్చుకానిది మురిగిపోవుచుండెను. ఫలితముగా వంతెనలు, పట్టాలు, ఇంజనులు కాలము మీరియు మార్పునకు నోచుకొనలేదు. మూడవ తరగతి ప్రయాణికులు పెట్టెలలో క్రిక్కిరిసి పయనించుచుండిరి.

సాక్ష్యములు విన్న పిమ్మట ఆక్వర్తు ఈ దేశమునకు ప్రభుత్వ నిర్వహణమే తగునను పక్షమున నిలిచెను. రైల్వే బడ్జెటును వేరుచేసి శాసనసభ యెదుట విడిగా ఉంచవలెనని సంఘము 1921లో సూచించెను. 1924 సెప్టెంబరులో కేంద్ర శాసనసభ తీర్మానముతో పద్దులు వేరుపడెను. మరుసటి యేట ఆయన దివంగతుడయ్యెను. ఆ ప్రత్యేక బడ్జెటు 2016 వరకు ఏటేట సభ ముందుకు వచ్చి, రైలు ఖర్చును సామాన్యునికి సైతము చర్చనీయాంశముగా నిలిపినది.