ఐదు తీగల శ్రీనివాస్

మన హాస్టల్లో గిటార్ పిచ్చి ఉన్నవాళ్ళు బాగానే ఉన్నారు. గిబ్సన్ కంపెనీ 1958లో తెచ్చిన ఫ్లయింగ్ వి బొమ్మని టీషర్టు మీద వేసుకు తిరిగేవాళ్ళని కనీసం ఇద్దరిని నేనే చూపిస్తాను. బాణం ములుకులా ఉంటుంది ఆ గిటార్. అసలు అలాంటి వింత ఆకారాలు ఎలా కుదిరాయి? వీణకి కుండ కావాలి, మామూలు గిటార్‌కి డొల్ల పెట్టె కావాలి, అవి లేకపోతే చప్పుడు బయటికి రాదు. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆ అవసరం లేదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట ఉంటాయి. పైన స్టీలు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, మిగతా పని ఆంప్లిఫయర్‌ది. ఇంక చెక్కని మన ఇష్టం వచ్చినట్టు కోసుకోవచ్చు. 1930ల మొదట్లో అమెరికాలో వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి అచ్చం అట్లపెనంలా ఉండేది. జనం దాన్ని ఫ్రైయింగ్ పాన్ అనే పిలిచారు.

అదే టెక్నాలజీని మన గోదావరి మనిషి ఒకాయన గమకం కోసం వాడుకున్నాడు. ఈసారి మ్యాగజైన్‌కి ఆయన గురించే రాస్తున్నాను.

మాది రాజోలు. దిండి దగ్గర వంతెన ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే చించినాడ, ఇంకాస్త ముందుకెళ్తే పాలకొల్లు. మా వైపు పాలకొల్లు అనగానే క్షీరారామం గాలిగోపురం గుర్తొస్తుంది, లేదంటే సినిమావాళ్ళు: అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ. ఈ లిస్టులో ఉప్పలపు శ్రీనివాస్ పేరు చెప్పేవాళ్ళు చాలా తక్కువ. మాండలిన్ శ్రీనివాస్ అంటే మాత్రం కొంతమంది పెద్దవాళ్ళు ఆహా అంటారు.

ఆయన 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు, ఇంట్లో మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్ళప్పుడు పిల్లాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వదల్లేదు. నాన్నే మొదట నేర్పారు. తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. చెంబై వైద్యనాథ భాగవతార్ దగ్గర నేర్చుకున్న గాయకుడాయన. ఇక్కడే అసలు ట్విస్ట్: సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పాటని పిల్లాడు తీగల మీద పలికించాలి. వేలు ఎక్కడ పెట్టాలో, ఎలా జరపాలో చెప్పేవాళ్ళు లేరు. ఒక రకంగా అవుట్‌పుట్ మాత్రమే ఇచ్చి కోడ్ నువ్వే రాసుకో అన్నట్టు.

నాకు అనిపించేది ఏంటంటే, తర్వాత ఆయన చేసిన మార్పులన్నీ ఈ పాఠం నుంచే వచ్చాయి. గురువు గొంతు పలికినదంతా వాయిద్యం పలకాలి. కానీ మాండలిన్ పుట్టింది ఇటలీలో, అక్కడి సంగీతం కోసం. దానికి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆగిపోతుంది. అందుకే పాత సినిమా పాటల్లో మాండలిన్ వాయించేవాళ్ళు గబగబా మీటుతూనే ఉంటారు, స్వరం సాగినట్టు వినిపించాలని. కర్ణాటక సంగీతంలో ఆ చిట్కా పనికిరాదు. ఒక్కసారి మీటిన స్వరం ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి వెనక్కి రావాలి. అదే గమకం. అది లేకపోతే రాగం పలకదు, సరిగమలు చదివినట్టు ఉంటుంది.

వీణ మీద అయితే తీగని మెట్టు మీద పక్కకి లాగి గమకం తెస్తారు. ఆ తీగ పొడుగు కాబట్టి లాగడానికి వీలుంటుంది. మాండలిన్‌లో మోగే తీగ మూరెడు కూడా ఉండదు, మెట్లు ఇరుకిరుకుగా ఉంటాయి. పైగా జత తీగలు. రెంటినీ కలిపి పక్కకి లాగితే రెండూ సమానంగా బిగుసుకోవు, శ్రుతి చెడుతుంది. అంటే చేతిలో ఎంత విద్య ఉన్నా హార్డ్‌వేర్ ఒప్పుకోదు.

శ్రీనివాస్ హార్డ్‌వేర్‌నే మార్చాడు. జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, నాలుగుకి ఇంకోటి కలిపి మొత్తం ఐదు. ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు, కాబట్టి మీటిన స్వరం వెంటనే చచ్చిపోదు, ఎడమ చేతి వేళ్ళు జారే దాకా బతికి ఉంటుంది. చూడటానికి అది చిన్నపిల్లల ఎలక్ట్రిక్ గిటార్‌లా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఒంటి తీగల ఆలోచన లోకంలో కొత్తది కాదు. ఫెండర్ కంపెనీ 1956లోనే నాలుగు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ అమ్మింది. కానీ దాని మీద తోడి రాగం వాయించొచ్చని ఫెండర్ వాళ్ళు ఎందుకు అనుకుంటారు!

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసులో, డిసెంబర్ సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ కచేరీ. మద్రాసు సీజన్ అంటే కర్ణాటక సంగీతానికి ఫైనల్ ఎగ్జామ్ లాంటిది. పాశ్చాత్య వాయిద్యం, పైగా కరెంటుది, పట్టుకున్నది పన్నెండేళ్ళ పిల్లాడు. సందేహపడిన వాళ్ళు ఉన్నారు, ఉండకుండా ఎలా ఉంటారు. వయొలిన్ కూడా బయటి నుంచే వచ్చింది, బాలుస్వామి దీక్షితార్ కాలంలో, సుమారు రెండు వందల ఏళ్ళ కిందట. ఇవాళ వయొలిన్ లేకుండా కచేరీ ఊహించలేం. మాండలిన్‌కి ఆ రెండు వందల ఏళ్ళు లేవు. ఒక్క పిల్లాడే ఉన్నాడు.

1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. అక్కడి నుంచి దేశాలు తిరగడం మొదలైంది. 1998లో పద్మశ్రీ. అవార్డుల లిస్టు గూగుల్‌లో దొరుకుతుంది, నేను రాయను. నాకు నచ్చింది ఆయన ఎవరెవరితో కలిసి వాయించాడన్నది. 1995లో వచ్చిన డ్రీమ్ ఆల్బమ్‌లో తోడు మైఖేల్ బ్రూక్. మీటిన స్వరం ఆగకుండా ఎంతసేపైనా మోగే ఇన్ఫినిట్ గిటార్ తయారుచేసిన మనిషి అతను. తర్వాత 1990ల చివర్లో రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో. మెక్‌లాఫ్లిన్ 1970లలో మన సంగీతం కోసం తన గిటార్‌నే మార్పించుకున్నాడు. తీగ పక్కకి లాగడానికి వీలుగా మెట్ల మధ్య చెక్కని లోపలికి గుంటల్లా చెక్కించాడు, అడ్డంగా శ్రుతి తీగలు పెట్టించాడు. చూశారా, ఇంగ్లండ్ నుంచి ఒకడు, పాలకొల్లు నుంచి ఒకడు, ఇద్దరిదీ ఒకటే ప్రాబ్లం.

స్టేజీ మీద మాత్రం ఈయన మారలేదు. నుదుట విభూతి, బొట్టు, పట్టు చొక్కా, బాసింపట్టు వేసుకుని ఒళ్ళో ఆ చిన్న వాయిద్యం. మొహంలో ఎప్పుడూ నవ్వే. చెన్నైలో సంగీత సంస్థ పెట్టి పిల్లలకి నేర్పాడు. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే, అన్నదమ్ములు కలిసి చాలా కచేరీలు చేశారు.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో ఆయన చనిపోయాడు. కాలేయ మార్పిడి జరిగింది, కానీ నిలవలేదు. నలభై ఐదేళ్ళే. అప్పటికి మన బ్యాచ్ వాళ్ళం మూడో క్లాసులో ఉండి ఉంటాం. తొమ్మిదేళ్ళకే స్టేజీ ఎక్కాడు కాబట్టి ముప్పై ఆరేళ్ళు వాయించాడని సర్దిచెప్పుకోవచ్చు. నాకైతే ఆ లెక్క సరిపోదు. మన సంగీతంలో డెబ్భై దాటాక కూడా కచేరీలు చేసినవాళ్ళు ఎంతమంది లేరు.

ఆయన వీడియో ఏదైనా పెట్టుకుంటే కృతి దగ్గరికి స్కిప్ చేయకండి. ముందు వచ్చే ఆలాపన చూడండి. కుడి చెయ్యి ఒక్కసారి మీటి ఆగుతుంది. ఆ తర్వాత ఎడమ చెయ్యి ఎంతసేపు కదులుతుందో చూడండి. తీగలు కూడా లెక్కపెట్టండి.