దూదేకుల ఇంటి నుంచి బుర్రకథ పితామహుడు: షేక్ నాజర్

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో ఓ పేద దూదేకుల ఇంట షేక్ నాజర్ పుట్టారు. దూది ఏకే ఇంట్లో పాట కూడు పెడుతుందా? ఆయన మాత్రం పాటనే నమ్ముకున్నారు.

ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథను ఊరూరా తిప్పారు. భుజాన తంబుర, బొటనవేలికి అందె. ఇటూ అటూ డక్కీలతో వంతలు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథలు రాసుకున్నదీ ఆయనే, పాడిందీ ఆయనే. బెంగాల్ కరువు చెప్పారు, పల్నాటి యుద్ధం చెప్పారు. గోదావరి మన్యంలో తెల్లదొరలతో పోరాడిన అల్లూరి కథైతే 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాకే ఎక్కింది. పల్నాటి వీరులైనా మన్యం వీరుడైనా, ఓ ముస్లిం గొంతులోంచే జనానికి చేరారన్నమాట!

1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఆయన జీవితకథ పుస్తకం పేరు ‘పింజారి’. జనం తిట్టుగా విసిరే మాటే అది.