తప్పిన లెక్కను దాచని రిచర్డ్‌సన్

గాలి ప్రవాహాన్ని కంప్యూటర్ గళ్లుగా విడగొట్టి, పక్కపక్క గళ్ల విలువల తేడాను వాటి మధ్య దూరంతో భాగిస్తుంది. మనం కాలేజీలో చదివే అవకలనానికి ఇది దగ్గరి విలువ.

ఈ పద్ధతితో వాతావరణాన్ని మొదట లెక్కగట్టినవారు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. 1881లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పుట్టారు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకర్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, 1910 మే 20 నాటి వాతావరణాన్ని చేత్తోనే లెక్కవేశారు. ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని వచ్చింది. నిజానికది దాదాపు మారలేదు. తొలి గాలి, పీడన విలువలకు పొంతన లేక తేడాల్లో దోషం పెద్దదైందని తర్వాత తేలింది.

అయినా 1922లో ఆ లెక్కంతా అచ్చువేశారు. 1950లో కంప్యూటర్‌పై ఆ దారి ఫలించింది. 1953లో ఆయన కన్నుమూశారు.

మన బడుల్లోనూ జవాబు తప్పిన పిల్లల సోపానాలను కొట్టివేసే ముందు ఒకసారి చదువుదాం.