పలుకుబడుల నెఱిగిన బ్రౌను దొర

పడిశము పట్టిన బాలుడు ఇంగ్లీషున తాను జలుబును పట్టుకొంటినని చెప్పవలెను. తెలుగున జలుబే తన్ను పట్టినదని చెప్పును. రోగ మొక్కటియే, పట్టినవాడు మాత్రము మాఱినాడు. పదములన్నిటికి అర్థము తెలిసియు వాక్యమునకు అర్థము తోచనీయని యిట్టి పలుకుబడులతో మా విద్యార్థులు పడు పాట్లు మాకు తెలియనివి కావు. ఆ పాట్లనే ఆవలి దిక్కునుండి పడిన ఆంగ్లేయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ బోధకుడు, బహుభాషలయందు ఆసక్తి గలవాడు, 1812లో మరణించెను. కుమారుడు 1817లో కంపెనీ కొలువునకై చెన్నపట్టణము చేరి, వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చుకొని, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. మన మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు నాడు కడప జిల్లాలోనివే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇందు చేరినవి.

కచేరీలో కూర్చున్న దొరకు పుస్తకపు తెలుగు చాలదు. ఒక రైతు వచ్చి, ఫలానావాడు తన కడుపు కొట్టినాడని మొఱపెట్టుకొనెననుకొందము. పదపదమునకు అర్థము చెప్పుకొన్నచో అది దెబ్బలాట. దొర గాయమెక్కడనని వెదకును. రైతు చెప్పినదో, తన జీవనాధారము పోయినదని. నడుమనున్న దుబాసి తన కిష్టమైన రీతిని మార్చి చెప్పినచో ఒక కుటుంబము వీధిని పడును. మా యెఱిగినంతలో బ్రౌను పరిశ్రమ విలువ ఇచ్చటనే తెలియును.

ఆయన కడపలో బంగళా కొని, పండితులకు సొంత సొమ్ముతో జీతములిచ్చి, తాళపత్ర ప్రతులను తెప్పించి సరిచూపించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగు పండితులు అందు పాటుపడిరి. వేమన పద్యములు 1829లో అచ్చుపడెను. కడపలోను మచిలీపట్టణములోను ఉచిత పాఠశాలలు పెట్టించెను. ఈ వ్యయమునకై అప్పులు సయితము చేసెను. కావ్యములనుగూర్చి ఆయన చెప్పిన తీర్పులన్నియు మాకు సమ్మతములు కావు గాని, అది వేఱు మాట.

1840లో వ్యాకరణమును, 1852 మొదలు 1854 వఱకు నిఘంటువులను ప్రకటించెను. పదమునకు పర్యాయపదమిచ్చి ఊరకొనక, అది వాక్యములో ఎట్లు నడచునో చూపుట వీని విశేషము. గ్రాంథికులు త్రోసిపుచ్చిన వాడుక మాటలకును అందు చోటు దొరకెను. ఫిర్యాదు, వకీలు, జామీను వంటి మాటలతో నిండిన కచేరీ భాషకు ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువు నొకదానిని కూర్చెను. పట్టు అను క్రియను తీసి, దాని క్రింద ఎన్ని ప్రయోగములున్నవో పిల్లలు తామే లెక్కించి చూతురుగాక.

ఒక భాషలోని పలుకుబడికి వేఱొక భాషలోని పలుకుబడినే వెదకవలెను గాని పదమునకు పదము పేర్చరాదు. ఇంగ్లీషువారికి పెద్దవానలో పిల్లులును కుక్కలును కురియును. మనకు కుండపోతగా కురియును. అచ్చట కుక్కలు పడలేదు, ఇచ్చట కుండలును లేవు. ఇంట తమిళము, వీధిలో తెలుగు పలుకు మన చిత్తూరు సీమ బాలురకు ఈ సంగతి క్రొత్త కాదు. ఇంగ్లీషు పుస్తకము తెఱచునప్పుడు మాత్రమే దానిని మఱచుచున్నారు.

బ్రౌను 1855లో ఇంగ్లండు చేరి, తరువాత లండనులో తెలుగు ఆచార్యుడుగా నుండి, 1884 డిసెంబరు 12వ తేదీన అచ్చటనే మరణించెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ఎం. వేంకటరత్నముగారు, క్రైస్తవ మిషనరీయైన క్యాంబెల్ దొరగారు, కందుకూరి వీరేశలింగము పంతులుగారు కలిసి సంస్కరింపగా 1903లో మరల అచ్చుపడెను. కడపలో ఆయన బంగళా యుండిన చోట నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్రమును గ్రంథాలయమును కలవు.